ఉక్కపోతలో మారథాన్ సాధన: మే నెలలో పేస్ పడిపోతే దేన్ని నమ్ముకోవాలి?

సాగరతీరం (విశాఖపట్నం)
మే 18, ఉదయం 9:10

సభ్యులందరికీ నమస్కారం. ఆగస్టు చివరి వారాల్లో హైదరాబాదులో జరిగే మారథాన్‌కు ఈసారి పూర్తి దూరానికి, అంటే 42.2 కిలోమీటర్లకు, పేరు నమోదు చేసుకున్నాను. వయసు 41, ఉద్యోగం బ్యాంకులో, పరుగు మొదలుపెట్టి మూడేళ్లయింది. చలికాలంలో హాఫ్ మారథాన్‌ను 2 గంటల 14 నిమిషాల్లో ముగించాను. జనవరిలో బీచ్ రోడ్డు మీద కిలోమీటరుకు 6 నిమిషాల 50 సెకన్ల (6:50) పేస్‌తో 12 కిలోమీటర్లు, పక్కవారితో కబుర్లు చెబుతూ పరుగెత్తాను. ఇప్పుడు అదే వేగానికి ఆరో కిలోమీటరు దాటకముందే రొప్పు వస్తోంది. అప్పట్లో నిమిషానికి 142 దగ్గర నిలకడగా ఉన్న గుండె వేగం ఇప్పుడు 165 చూపిస్తోంది.

ఈ ఉదయం 22 కిలోమీటర్లు అనుకుని కాళీమాత గుడి దగ్గర 5:15కు బయలుదేరాను. ఆకు కదలడం లేదు. రుషికొండ వైపు వెళ్లి తిరిగి వస్తూ తెన్నేటి పార్కు చేరేసరికి అడుగు పడినప్పుడల్లా బూట్లలో చపచపమని చప్పుడు. నేను నీటిలో దిగలేదు, అది కాళ్ల వెంట కారి చేరిన చెమటే. 15వ కిలోమీటరు దగ్గర కళ్లు తిరుగుతున్నట్టు అనిపించి ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను.

మూడేళ్లుగా కూడబెట్టుకున్నదంతా ఒక్క నెలలో పోయిందా? జిమ్‌లో ఏసీ కింద ట్రెడ్‌మిల్ మీద చేసుకోవడం మేలా? ఇంకా ముందు లేవాలా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

నెక్లెస్ రోడ్డు (హైదరాబాదు)
మే 18, మధ్యాహ్నం 12:45

సాగరతీరం గారూ, ఏమీ పోలేదు. ఏటా మే నెలలో ఇదే ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు, ఏటా ఆగస్టులో వారే నవ్వుకుంటారు. రోహిణీ కార్తె ఇంకా రానే లేదు కనుక మరి కొన్నాళ్లు ఇంతకంటే దిగజారినా కంగారు పడకండి.

మీరు చేసిన తప్పు ఒక్కటే, జనవరి పేస్‌ను మే నెలలోకి మోసుకురావడం. శిక్షకుల్లో కొందరు ఒక మోటు లెక్క వాడతారు. గాలి ఉష్ణోగ్రతను, డ్యూ పాయింట్‌ను (గాలిలో నీటి ఆవిరి ఎంత ఉందో తెలిపే ఉష్ణోగ్రతను) ఫారెన్‌హీట్‌లోకి మార్చి రెండింటినీ కూడండి. మొత్తం 100 లోపు ఉంటే పేస్ మార్చనక్కరలేదు; 140 నుంచి 150 మధ్య ఉంటే 3 నుంచి 4.5 శాతం, 160 నుంచి 170 మధ్య ఉంటే 6 నుంచి 8 శాతం నెమ్మదించాలి. 180 దాటితే ఆ రోజు గట్టి పరుగు పెట్టుకోకూడదు. మీ ఊళ్లో ఈ ఉదయం 28 డిగ్రీలు, డ్యూ పాయింట్ 26 అనుకుంటే మొత్తం 161 వస్తుంది. అంటే మీ 6:50 నేటి లెక్కలో సుమారు 7:20 అన్నమాట. మా దగ్గర ఇదే సమయంలో 27 డిగ్రీలు, డ్యూ పాయింట్ 17 ఉంటే మొత్తం 143 మాత్రమే. ఎండలు మాకే ఎక్కువని మీరు అనుకుంటారు గానీ తెల్లవారుజామున పరుగుకు మా పొడి గాలే నయం.

మరొక మాట. మీకు సూర్యుడు మాకంటే దాదాపు 20 నిమిషాలు ముందు ఉదయిస్తాడు. మే నెల మధ్యలో విశాఖలో 5:25కే తెల్లవారిపోతుంది కనుక 5:15కు బయలుదేరి 22 కిలోమీటర్లు చేయడమంటే రెండు గంటలకు పైగా ఎండలో ఉండడమే. ఆదివారం పొడవు పరుగుకు 4 గంటలకే రోడ్డు మీద ఉండాలి.

ఆవిరిలెక్క (హ్యూస్టన్)
మే 18, రాత్రి 8:30

నేను పుట్టి పెరిగింది మచిలీపట్నంలో, ఉద్యోగం గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరాన ఉన్న హ్యూస్టన్‌లో. రెండు ఊళ్ల వేసవి ఉక్కకూ పెద్ద తేడా కనిపించలేదు కనుక ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పే అర్హత ఉందనుకుంటాను.

ఫోనులో కనిపించే తేమ శాతం పరుగెత్తేవారిని తప్పుదారి పట్టిస్తుంది. విశాఖలో తెల్లవారుజామున 28 డిగ్రీల దగ్గర 88 శాతం తేమ ఉందనుకోండి. డ్యూ పాయింట్, అంటే ఆ గాలి ఎంతకు చల్లబడితే నీటి బిందువులు కడతాయో ఆ ఉష్ణోగ్రత, సుమారు 26 డిగ్రీలు. అదే గాలి మధ్యాహ్నానికి 34 డిగ్రీలకు వేడెక్కితే తేమ శాతం 63కు దిగిపోతుంది. దాన్ని చూసి గాలి పొడిబారిందనుకునేవారు ఉన్నారు. గాలిలోని నీటి ఆవిరి ఏమాత్రం తగ్గలేదు, డ్యూ పాయింట్ 26 దగ్గరే ఉంది. అందుకే శాతాన్ని వదిలేసి డ్యూ పాయింట్‌ను చూడడం అలవాటు చేసుకోవాలి.

ఇది చెమటను ఎలా అడ్డుకుంటుందో చూడండి. 35 డిగ్రీల చర్మం మీది తడి సుమారు 56 మిల్లీబార్ల పీడనంతో ఆవిరి కావాలని చూస్తుంది. ఎదురుగా ఉన్న గాలిలో విశాఖలో 34, మే నెల హైదరాబాదులో 19 మిల్లీబార్ల ఆవిరి పీడనం ఉంటుంది. ఈ తేడాయే చెమటను లాగే శక్తి: విశాఖలో 22, హైదరాబాదులో 37. అంటే ఒకే మనిషి, ఒకే వేగం, ఒకే బూట్లు అయినా చెమట ఆరే అవకాశం హైదరాబాదులో పది పాళ్లయితే విశాఖలో ఆరు పాళ్లే.

ఇక శరీరం వైపు నుంచి లెక్క. పరుగులో ఖర్చయ్యే శక్తిలో ఐదింట నాలుగు వంతులు వేడిగానే బయటపడతాయి. 64 కిలోల మనిషి కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున గంటసేపు పరుగెత్తితే సుమారు 550 కిలోకేలరీలు ఖర్చవుతాయి, అందులో 440 వేడి. ఒక లీటరు చెమట చర్మం మీదే ఆవిరైతే 580 కిలోకేలరీలను వెంట తీసుకుపోతుంది. అంటే గంటకు ముప్పావు లీటరు ఆవిరైతే చాలు. కానీ కారి బూట్లలో చేరిన చెమట ఏ వేడినీ తీసుకుపోదు, ఒంట్లోని నీటిని మాత్రం తీసుకుపోతుంది. మీ బూట్ల చప్పుడు మీకు చెప్పింది ఇదే. వీలైతే పరుగుకు ముందు, తరవాత ఒంటి మీద బట్టలు లేకుండా బరువు చూసుకుని ఇక్కడ రాయండి.

గోదావరి వైద్యం (కాకినాడ)
మే 19, ఉదయం 6:50

ఆవిరిలెక్క గారి వివరణ తరవాత నా పని తేలికైంది. గుండె వేగం 142 నుంచి 165కు ఎందుకు పెరిగిందో చెబుతాను. వేడిలో గుండె రెండు పనులు చేయాలి, కండరాలకు రక్తం పంపాలి, వేడిని బయటికి వదలడానికి చర్మానికీ పంపాలి. మరోవైపు చెమట రూపంలో రక్తంలోని నీరు తగ్గిపోతూ ఉంటుంది. ఒక్కో కొట్టుడుకు పంపగలిగే రక్తం తగ్గడంతో కొట్టుకునే సంఖ్య పెరుగుతుంది. అది బలహీనత గుర్తు కాదు.

శరీరం దీనికి సర్దుకుంటుంది, సుమారు 10 నుంచి 14 రోజుల్లో. మొదటి నాలుగైదు రోజుల్లోనే రక్తంలోని ప్లాస్మా (నీటి భాగం) పెరిగి గుండె వేగం దిగడం మొదలవుతుంది. తరవాత చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులోని ఉప్పు మాత్రం తగ్గుతుంది. ఇందుకు రోజూ గంట, గంటన్నర సేపు వేడిలో తేలికపాటి శ్రమ చాలు. కానీ ఏసీ గదిలో పడుకుని, ఏసీ కారులో వెళ్లి, ఏసీ బ్యాంకులో కూర్చుని, ఆదివారం ఒక్కరోజు రెండున్నర గంటలు రోడ్డు మీదికి వస్తే సర్దుబాటు జరగదు. రెండు మూడు వారాలు వేడికి దూరమైతే వచ్చింది కూడా పోతుంది. మీ ట్రెడ్‌మిల్ ప్రశ్నకు నా సమాధానం అదే. జ్వరం, విరేచనాలు, నిద్రలేమి ఉన్న వారం మాత్రం ఈ సాధన జోలికి పోవద్దు. అలాంటప్పుడు తేలికపాటి పరుగు కూడా ప్రమాదమే.

డ్రిల్ మాస్టారు (విజయనగరం)
మే 19, సాయంత్రం 5:20

లెక్కలు చదివాను, బాగున్నాయి. ముప్పై ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా మైదానంలో పిల్లలను పరుగెత్తించి పదవీ విరమణ చేసిన నాకు డ్యూ పాయింట్ అనే మాట తెలియదు గానీ, గోడ మీద ఆరేసిన చొక్కా ఎంతసేపటికీ ఆరకపోతే ఆ రోజు దూరం తగ్గించాలని తెలుసు.

వేసవిలో నేను కిలోమీటర్లు కట్టించేవాణ్ణి కాదు, నిమిషాలు కట్టించేవాణ్ణి. 60 నిమిషాలంటే 60 నిమిషాలే, అందులో తొమ్మిది కిలోమీటర్లు వస్తాయో ఏడే వస్తాయో ఆ రోజు గాలి ఇష్టం. దారి కూడా పొడవుగా పోయి తిరిగి వచ్చేది కాదు. కుళాయి ముందు నుంచి వెళ్లేలా రెండు కిలోమీటర్ల చుట్టు పెట్టేవాణ్ణి. సాగరతీరం బాబూ, నువ్వు రుషికొండ దాకా పోయి ఇరుక్కున్నావు. చుట్టు తిరిగితే ఏ నిమిషాన కావాలన్నా ఇంటికి రెండు కిలోమీటర్ల లోపే ఉంటావు.

ఒక సంగతి చెప్పాలి. కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లు బరువు తగ్గుతుందని మధ్యాహ్నం పూట ప్లాస్టిక్ జాకెట్లు, స్వెటర్లు వేసుకుని పరుగెత్తడం నేను చాలాసార్లు చూశాను. అలా పరుగెత్తిన ఒక కుర్రాడు ఒకనాడు మా మైదానం మూలన తూలుతూ వచ్చి, "మాస్టారూ, ఇంకెన్ని రౌండ్లు?" అని నన్ను అడిగాడు. ఆ రోజు రౌండ్లే లేవు. పేరు అడిగితే వాళ్ల అన్న పేరు చెప్పాడు. జాకెట్టు కోసి తీసేసి, నలుగురం ఎత్తి బోరు కింది సిమెంటు తొట్టిలో మెడ దాకా కూర్చోబెట్టి, తల మీద నీళ్లు పోస్తూనే ఉన్నాం. కుర్రాడు వణుకుతూ తన పేరు తాను చెప్పిన తరవాతే ఆటో ఎక్కించాం. ఆస్పత్రిలో ఆలస్యం చేశారని మమ్మల్ని కేకలేశారు. ఇన్నేళ్లయినా మేం చేసింది తప్పో ఒప్పో నాకు తెలియదు. డాక్టరు గారు చెప్పాలి.

గోదావరి వైద్యం (కాకినాడ)
మే 19, రాత్రి 9:35

మాస్టారూ, మీరు చేసింది నూటికి నూరుపాళ్లు ఒప్పు. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో ముందు చల్లబరచడం, తరవాతే తరలించడం అనేదే నేటి వైద్యం అంగీకరించిన పద్ధతి. 108కు ఫోను చేయాలి, కానీ వాహనం వచ్చేదాకా మనిషిని నీళ్లలోనే ఉంచాలి. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మెదడు పని తప్పిన మనిషిని అరగంటలోపు చల్లబరచగలిగితే దాదాపు అందరూ బతుకుతారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫాల్‌మత్‌లో ఏటా ఆగస్టులో జరిగే పోటీ దూరం 11 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. అక్కడ 18 పోటీల్లో 274 మందికి వడదెబ్బ తగిలితే మంచునీటి తొట్టెలు సిద్ధంగా ఉండడం వల్ల ఒక్కరు కూడా చనిపోలేదు. దూరం తక్కువ కదా అని తేలికగా తీసుకోకూడదనడానికి కూడా ఇదే ఉదాహరణ. తక్కువ దూరంలో వేగం ఎక్కువ, వేగంతో పుట్టే వేడీ ఎక్కువే.

రెండు పొరపాటు నమ్మకాలు దిద్దాలి. ఒళ్లు పొడిగా ఉంటేనే వడదెబ్బ అనేది ఇంట్లో వృద్ధులకు తగిలే రకం విషయంలో చాలావరకు నిజం. పరుగెత్తుతూ పడిపోయినవారికి చెమట ధారగా కారుతూనే ఉండవచ్చు. నుదుటి మీద, చంకలో పెట్టే థర్మామీటరు ఇలాంటప్పుడు తక్కువ చూపిస్తుంది, నమ్మకండి. మాటలో తేడా, తూలడం, అకారణమైన కోపం, తన పేరు తాను మరచిపోవడం, వీటిని నమ్మండి.

ముంజలు (విజయవాడ)
మే 20, ఉదయం 7:15

నాలుగు గంటలకే రోడ్డు మీద ఉండాలని నెక్లెస్ రోడ్డు గారు ఎంత సులువుగా రాశారు! ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆ వేళకు నేను ఒంటరిగా పరుగెత్తితే వెంట పడేది కుక్కలు మాత్రమే కాదు. ఆడవాళ్లకు సూర్యోదయం ఒక్కటే లెక్క కాదు, వీధి దీపాలు, పాలబండ్లు, తెరిచి ఉన్న టీ కొట్టు కూడా లెక్కే. మేం ఐదుగురం ఒప్పందం చేసుకుని 4:45కు ఒకే అపార్ట్‌మెంటు గేటు దగ్గర కలుస్తాం. ఎవరైనా రాకపోతే ఆ రోజు మిగిలినవాళ్లం కాలనీ లోపలే చుట్లు తిరుగుతాం. మాస్టారి రెండు కిలోమీటర్ల చుట్టు మాకు తెలియకుండానే అలవాటైంది.

చెమట వల్ల ఒరుసుకుపోయే బాధ గురించి మగవాళ్లు రాయరు. గంట దాటిన పరుగుకు ముందు పట్టీల కింద, తొడల మధ్య పెట్రోలియం జెల్లీ రాయకపోతే ఆ రోజు స్నానం నరకమే. కాటన్ బట్టలు వద్దు, తడిసి బరువెక్కి ఒంటికి అతుక్కుంటాయి.

నా ప్రశ్న తాగేదాని గురించి. పరుగు అయ్యాక రెండు కొబ్బరి బొండాలు తాగుతాను, అయినా సాయంత్రానికి తలనొప్పి వస్తుంది. ఇంకా నీళ్లు తాగాలా?

గోదావరి వైద్యం (కాకినాడ)
మే 20, మధ్యాహ్నం 2:05

అమ్మా, నీళ్లు కాదు, ఉప్పు తక్కువైనట్టుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం పుష్కలంగా ఉంటుంది గానీ చెమటలో ప్రధానంగా పోయేది సోడియం. లీటరు చెమటలో సోడియం మనిషిని బట్టి అర గ్రాము నుంచి గ్రామున్నర దాకా, కొందరిలో అంతకంటే ఎక్కువగా పోతుంది. పరుగు తరవాత నల్ల బనియను మీద తెల్లటి చారలు కట్టేవారు ఎక్కువ ఉప్పు పోయేవారని గుర్తు పట్టవచ్చు. అర లీటరు పలచని మజ్జిగలో పావు చెంచా ఉప్పు వేసుకుంటే సుమారు అర గ్రాము సోడియం అందుతుంది. బీపీ ఉన్నవారు మాత్రం తమ వైద్యుణ్ణి అడగకుండా ఉప్పు పెంచకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం 20.5 గ్రాములు, లీటరు నీటిలో కలపాలి. రెండు గంటలు దాటిన పరుగు తరవాత అది మంచిదే. రుచి బాగుండదని సగం నీటిలో చిక్కగా కలిపేవారున్నారు, అలా చేయకూడదు. కొట్లో ఓఆర్‌ఎస్ అని చెప్పి ఇచ్చే తియ్యటి పానీయాలన్నీ ఓఆర్‌ఎస్ కావు, పొట్లం మీద సూత్రం చదివి కొనండి.

ఇక "ఇంకా నీళ్లు" అనే మాట ప్రమాదకరం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది, ముగ్గురిలో ప్రాణం మీదికి వచ్చేంతగా. వారిలో చాలామంది పరుగు పొడవునా నీళ్లు ఎక్కువ తాగి, బయలుదేరినప్పటికంటే బరువు పెరిగి గమ్యం చేరినవారు. దాహం వేసినప్పుడు తాగండి, బరువు తూచుకుని ఎంత పోతుందో తెలుసుకోండి, పోయినదానికంటే మించి మాత్రం తాగకండి.

సాగరతీరం (విశాఖపట్నం)
మే 25, ఉదయం 8:40

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు 4:20కు బయలుదేరి, ఆర్‌కే బీచ్ నుంచి కురుసుర జలాంతర్గామి మీదుగా చిన్న చుట్టు పెట్టుకుని 70 నిమిషాలు పరుగెత్తాను. గుండె వేగం 150 దాటితే నడవాలని నియమం పెట్టుకున్నాను. మూడుసార్లు నడవవలసి వచ్చింది. సగటు పేస్ 7:40.

బరువు ముందు 64.2 కిలోలు, తరవాత 62.9. మధ్యలో 400 మిల్లీలీటర్లు తాగాను. అంటే 1.7 లీటర్ల చెమట, గంటకు లీటరున్నరకు కొంచెం తక్కువ. ఆవిరిలెక్క గారి లెక్కలో కావలసింది ముప్పావు లీటరు, అంటే మిగతా సగం బూట్లకు, బీచ్ రోడ్డుకు దక్షిణ ఇచ్చినట్టే. శరీర బరువులో 2 శాతం నష్టం దాటాను, తాగింది చాలలేదని అర్థమైంది.

మరో ప్రయోగం కూడా చేశాను. గురువారం సాయంత్రం 6:30కు వెళ్లాను. ఉదయం కంటే మూడు డిగ్రీలు ఎక్కువ, డ్యూ పాయింట్ అంతే, రోడ్డు ఇంకా సెగలు కక్కుతోంది. అయినా సముద్రపు గాలి గట్టిగా వీస్తున్నందువల్ల గుండె వేగం ఉదయం కంటే రెండు మూడు తక్కువే చూపించింది. గాలికి ఎదురుగా పరుగెత్తినంతసేపు చొక్కా చల్లగా ఉంది, వెనక్కి తిరగగానే మళ్లీ ఉక్క. విశాఖ వాళ్లకు తెల్లవారుజామే మంచిదన్న సూత్రం అన్ని రోజులకూ వర్తించదేమో.

ఆవిరిలెక్క (హ్యూస్టన్)
మే 25, రాత్రి 7:55

మంచి పరిశీలన. ఒంటి చుట్టూ పేరుకున్న తడి గాలి పొరను సముద్రపు గాలి ఊడ్చేస్తుంది కనుక ఆవిరి వేగం పెరుగుతుంది. పరుగుకూ గాలికీ దిశ ఒకటైతే మీకు తగిలే గాలి బాగా తగ్గిపోతుంది, అందుకే తిరుగు ప్రయాణంలో ఉక్క. పరుగు మొదటి సగం గాలి వెనక నుంచి, అలసిపోయిన రెండో సగం గాలి ఎదురుగా ఉండేలా దారి పెట్టుకోండి.

ఉక్కలో తల మీద నీళ్లు గుమ్మరించుకోవడం కంటే ఐసు నయం. నీళ్లు ఆవిరైతేనే వేడి తీసుకుపోతాయి. ఐసు కరగడానికే కిలోకు 80 కిలోకేలరీలు లాక్కుంటుంది, దానికి గాలి పొడిగా ఉండనక్కరలేదు. కండువాలో ఐసు ముక్కలు మూటకట్టి మెడ చుట్టూ వేసుకోవడం ఇక్కడ అందరూ చేసే పనే.

దోహా పొద్దు (దోహా)
మే 26, ఉదయం 10:30

నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి పన్నెండేళ్లుగా దోహాలో పనిచేస్తున్నాను. 2019 సెప్టెంబరు 27 అర్ధరాత్రి కార్నిష్ అనే సముద్రతీరపు రోడ్డు ఒడ్డున నిలబడి ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల మహిళల మారథాన్ చూశాను. ఎండ తప్పించడానికి రాత్రి 11:59కి మొదలుపెట్టారు, అయినా 32 డిగ్రీలు దాటింది, తేమ 73 శాతం. 68 మంది బయలుదేరితే 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. చక్రాల కుర్చీల్లో తీసుకువెళ్తున్నవారిని కళ్లారా చూశాను. గెలిచిన కెన్యా క్రీడాకారిణి రూత్ చెపన్‌గెటిచ్ సమయం 2:32:43. అదే ఏడాది జనవరిలో దుబాయిలో ఆమే 2:17:08లో పరుగెత్తింది. ప్రపంచ విజేతే 11 శాతం నెమ్మదించినప్పుడు మనం 7 శాతానికి సిగ్గుపడనక్కరలేదు.

ఆ రాత్రి ముందున్నవాళ్లు మొదటి నుంచే నెమ్మదిగా వెళ్లారు. ఉక్కలో మొదటి ఐదు కిలోమీటర్లు వేగంగా వెళ్లినవారికి ఆ వేడి తిరిగి దిగే దారి ఉండదు. మా పనిచోట కూడా ఇదే నియమం. ఇక్కడ వేడి, తేమ, ఎండ కలిపి లెక్కించే వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అనే అంకె 32.1 దాటితే బయటి పని ఆపేయాలని 2021 నుంచి చట్టం ఉంది. ఆ అంకెలో తడి బల్బు (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు) వాటా 0.7, ఎండ వాటా 0.2, మామూలు ఉష్ణోగ్రత వాటా 0.1 మాత్రమే. మనం చూసి భయపడేది మాత్రం ఆ చివరి 0.1ని.

నెక్లెస్ రోడ్డు (హైదరాబాదు)
మే 26, రాత్రి 9:00

ముంజలు గారికి క్షమాపణలు. నాలుగు గంటల సలహా నా వరకు చూసుకుని రాసిందే, మీ గేటు ఒప్పందం అంతకంటే ఆలోచించి చేసింది.

ట్రెడ్‌మిల్ విషయంలో డాక్టరు గారితో కొంత విభేదిస్తాను. వారానికి ఒక్క రోజు, వేగపు పరుగుకు మాత్రం నేను ఏసీలోకే వెళతాను. ఉక్కలో 1000 మీటర్ల చొప్పున ఆరు సార్లు గట్టిగా పరుగెత్తాలంటే గుండె ముందు అలసిపోతుంది, కాళ్లకు ఆ వేగం అందనే అందదు. మిగిలిన నాలుగు రోజులు బయటే కనుక వేడికి అలవాటూ పోదు. పదేళ్లుగా ఇలాగే చేస్తున్నాను, ఆగస్టులో కాళ్లు వేగాన్ని మరచిపోవడం లేదు.

ఇంకొకటి గమనించండి. ఆగస్టులో హైదరాబాదు చల్లగా ఉంటుందని బయటి ఊళ్ల వారు సంబరంగా వస్తారు. ఉదయం 23 డిగ్రీలే కావచ్చు, కానీ వర్షాకాలం కనుక తేమ 90 శాతం, డ్యూ పాయింట్ 21. ఫారెన్‌హీట్‌లో కూడితే 143. అంటే మా ఊళ్లో మే నెల ఉదయానికి వచ్చిన మొత్తమే! పైగా ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు. పొడి గాలిలో సాధన చేసిన మాకు ఆగస్టు కొత్త, మీకు మాత్రం పాత చుట్టమే.

గోదావరి వైద్యం (కాకినాడ)
మే 27, ఉదయం 6:30

వారానికి ఒక్క రోజు ట్రెడ్‌మిల్ అయితే నాకు అభ్యంతరం లేదు. చాలామంది దాచే ఒక విషయం చెబుతాను. పొడవు పరుగుకు ముందు మోకాలి నొప్పి కోసం ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి మాత్రలు వేసుకోకండి. నీరు తగ్గి ఇప్పటికే ఇబ్బందిలో ఉన్న మూత్రపిండాలకు అవి మరింత దెబ్బ. జలుబుకు వేసుకునే కొన్ని పాత రకం అలర్జీ మాత్రలు చెమటను తగ్గిస్తాయి. బీపీకి మూత్రం ఎక్కువ చేసే మాత్ర వాడేవారు వైద్యుడితో మాట్లాడకుండా వేసవి సాధన మొదలుపెట్టకూడదు. పరుగు తరవాత మూత్రం ముదురు టీ రంగులో వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

సాగరతీరం (విశాఖపట్నం)
జూన్ 29, ఉదయం 9:25

ఐదు వారాల తరవాత రాస్తున్నాను. నైరుతి వచ్చినా మా దగ్గర డ్యూ పాయింట్ 25, 26 మధ్యే తిరుగుతోంది కనుక పోల్చడానికి వీలైంది. పడకగదిలో ఏసీని 27 మీద పెట్టుకున్నాను, వారానికి ఐదు రోజులు బయట, ఒక రోజు మాత్రం జిమ్‌లో వేగపు పరుగు. మే 25న 150 గుండె వేగానికి 7:40 వచ్చిన పేస్ నిన్న 7:12 వచ్చింది, ఒక్కసారి కూడా నడవలేదు. చెమట గంటకు 1.6 లీటర్లకు పెరిగింది గానీ బనియను మీద తెల్ల చారలు మునుపటంత లేవు.

ఈ ఆదివారం 28 కిలోమీటర్లు ఏడు చుట్లుగా చేశాను. మాస్టారి కుళాయికి బదులు మా బావమరిది స్కూటరు. డిక్కీలో మజ్జిగ సీసాలు, ఐసు కండువా. నాలుగో చుట్టులో చూస్తే వాడు మజ్జిగంతా తాగేసి నిద్రపోతున్నాడు.

డ్రిల్ మాస్టారు (విజయనగరం)
జూన్ 29, సాయంత్రం 6:10

బావమరిదిని కుళాయిగా పెట్టుకోవద్దని నేను రాయవలసింది, మరచిపోయాను. సీసాలను కొట్టువాడి దగ్గర పెట్టు బాబూ.

సాగరతీరం (విశాఖపట్నం)
ఆగస్టు 26, రాత్రి 8:15

5 గంటల 21 నిమిషాలు. చీకట్లో బయలుదేరేటప్పుడు ఫోనులో 23 డిగ్రీలు, డ్యూ పాయింట్ 21 చూపించింది, నెక్లెస్ రోడ్డు గారు మే నెలలో రాసిన అంకెలే. మొదటి పది కిలోమీటర్లు 7:25లో వెళ్లాను, నన్ను దాటి వెళ్లినవారిని లెక్కపెట్టడం కొంతసేపటికి మానేశాను. ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు నడిచాను, దిగేటప్పుడు పరుగెత్తాను. 34వ కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసింది, ఐదు నిమిషాలు నిలబడి ఉప్పు నీళ్లు తాగి మళ్లీ కదిలాను. బరువు 1.1 కిలోలు మాత్రమే తగ్గింది.

36వ కిలోమీటరు దగ్గర ఒక కుర్రాడు ఫుట్‌పాత్ మీద కూర్చుని, బాగానే ఉన్నానని అందరికీ చెబుతున్నాడు. పేరు అడిగాను. సరిగానే చెప్పాడు. ఊరు అడిగాను. అదీ చెప్పాడు. అయినా వాలంటీరు వచ్చి తడి తువ్వాలు కప్పేదాకా పక్కనే నిలబడ్డాను. నా 5:21లో నాలుగు నిమిషాలు ఆ కుర్రాడివి.

ముంజలు (విజయవాడ)
ఆగస్టు 26, రాత్రి 9:40

అభినందనలు అన్నయ్యా. మేం ఐదుగురం వచ్చే ఏడాదికి హాఫ్ అనుకుంటున్నాం. మీరు మే నుంచి రాసుకున్న బరువు, చెమట, డ్యూ పాయింట్ లెక్కల పుస్తకం ఫొటోలు ఇక్కడ పెడతారా? తలనొప్పి మజ్జిగతో పోయింది, డాక్టరు గారికి ఆ సంగతి చెప్పనే లేదు.